ఇస్త్రీ చేసిన తలగుడ్డ

పోస్టుకార్డంత అచ్చుబొమ్మ అది. ఐదువందల ఏళ్ల కిందట, సముద్రమట్టానికి కూడా కిందుగా ఉండే ఏదో చలిదేశంలో, ఒక చిత్రకారుడు చెక్కపలక మీద నూనెరంగులతో వేసిన పడుచు. నడుము వరకే కనిపిస్తుంది. వెనక నలుపు, ఒంటిమీద ముదురాకుపచ్చ గౌను, ఎర్రని నడికట్టు, ఒకదాని మీద ఒకటి వేసుకున్న చేతులు. నెత్తిమీంచి భుజాల దాకా దిగిన తెల్లని తలగుడ్డ.

"దీనిని నూనెరంగులతో పెద్దదిగా వ్రాసి తెమ్ము" అన్నారు మిషన్ ఆడపిల్లల బడి పెద్ద దొరసాని. ఆమె తెలుగు నేర్చుకున్నది బైబిలులో. అందువల్ల ఆమె మంచినీళ్లు అడిగినా ప్రవక్త మాట్లాడినట్టే ఉండేది. "జూన్ మాసములో బడి తెరచుటకు ముందటి శనివారము తీసుకొని రమ్ము. నీవు చంటిబిడ్డ తల్లివి. ఒక పనిని మొదలుపెట్టి ముగించగలవో లేదో నేను చూడవలెను."

ముగిస్తే డ్రాయింగ్ టీచరు ఉద్యోగం. ముగించకపోతే ఆ మాట అక్కడితో సరి. సరి అన్నది దొరసాని కాదు, మా ఆయన. "అడిగి చూడు. వస్తే మంచిదే. రాకపోతే మళ్లీ ఆ మాట ఎత్తొద్దు. ప్రతి ఎండాకాలం గీ లొల్లి నాతోని కాదు" అన్నాడు. నేను ఒప్పుకున్నాను.

పాపకి అప్పటికి పదో నెల. పాప పుట్టినప్పటినుంచీ నా బి.ఏ. చదువంతా థర్మామీటరు చూడడానికే పనికొచ్చింది. పాప తుమ్మితే నిమోనియా అనుకునేదాన్ని. రోజంతా తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదా అనుకునేదాన్ని. రోజుకి ఐదు గంటలు బళ్లో పిల్లలకి కుండలూ మామిడిపళ్లూ గీయడం నేర్పితే, ఆ ఐదు గంటలైనా పాప నా భయం నుంచి బతికిపోతుందనిపించింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చదువు వృథా కాకూడదని మాత్రం అందరికీ చెప్పాను. ఇప్పుడు పాప నిద్రపోయాక ఈ కాగితానికి మొదటిసారి చెబుతున్నాను.

ఆ పాతకాలపువాళ్ల పద్ధతి వేరు. రంగు దట్టంగా పులమరు. పలక మీద సుద్దా జిగురూ కలిపి ఎనిమిది పూతలు పూసి, కోడిగుడ్డు పెంకంత నునుపు చేసి, దానిమీద పల్చటి రంగు పొరమీద పొర వేస్తారు. ఒక పొర ఆరితేగాని ఇంకోటి వేయకూడదు. కిందనున్న తెలుపు ఆ పొరలన్నిట్లోంచీ పైకి వెలుగుతుంది. నేను మద్రాసులో చదివేటప్పుడు మా కాలేజీలో ఒకావిడ ఇదంతా నేర్పారు. అక్కడ జిగురు సీసాలో వచ్చేది. యుద్ధం వల్ల ఇక్కడ అదీ దొరకలేదు. వడ్రంగి తోలుముక్కల జిగురు ఇస్తే ఇంట్లోనే ఉడకబెట్టాను. ఇల్లంతా తోలుకంపు. మా ఆయన ఆఫీసునుంచి వచ్చి గుమ్మంలోనే ఆగి, "ఇవాళ చర్చివాళ్లెవరన్నా భోజనానికి వస్తున్నరా?" అన్నాడు. ఎవరూ రావడం లేదన్నాను. "దేవుడు గొప్పవాడు" అని బయటికి పోయి, హోటల్లో తిని వచ్చాడు.

తెల్లరంగు గొట్టం మీద 'విషం' అని అచ్చువేసి ఉంది. అందులో సీసం ఉంటుంది. దాన్ని బీరువా మీద, బీరువామీది ట్రంకుపెట్టెలో, ట్రంకుపెట్టెలోని బిస్కెట్ల డబ్బాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి పాప మింగుతుందేమోనని మెడలో కట్టుకున్నాను. ఒక్కసారి కుంచె ముంచాలంటే మూడు మూతలు తీయాలి. చేతులు ఎన్నిసార్లు కడుక్కునేదాన్నంటే, మా అత్తయ్య ఒకరోజు బావి దగ్గర నిలబడి, "బిడ్డా, బొమ్మ ఏస్తున్నవా, పీనుగను కడుగుతున్నవా?" అని అడిగింది.

ముఖం, గౌను, నడికట్టు ఎలాగో వచ్చాయి. తలగుడ్డ దగ్గర ఆగిపోయాను.

కార్డులో ఆ గుడ్డ నా బొటనవేలంత. దాంట్లో సన్నని గీతలు, నీడలు, ఎక్కడిదెక్కడికి పోతుందో తెలియని ముడతలు. భూతద్దం పెట్టి చూస్తే అచ్చుచుక్కలు కనిపించేవి తప్ప గుడ్డ కనిపించేది కాదు. ఊహించి గీస్తే తలమీద ఉడికిన క్యాబేజీ పెట్టుకున్నట్టు వచ్చింది. నిజం గుడ్డ నిజం తలమీద వేసి చూసి గీయాలి, ఇంకో దారి లేదు.

తల మా అత్తయ్యది. ఆమెకి కదలకుండా కూర్చోవడం చేతనవుతుందని అనుకున్నాను. చర్చిలో రెండు గంటలు అలాగే కూర్చుంటుంది కదా. వరండాలో పీటమీద కూర్చోబెట్టి, తలమీద తెల్ల మల్లుగుడ్డ వేసి, పిన్నులు గుచ్చాను.

"ఊకె కూసుంటే నాకు తోస్తలేదు. ప్రార్థన జేసుకోవాల్నా?"

"చేసుకోండి అత్తయ్యా. తల మాత్రం కదపకండి."

మా ఆయనతో మొదలుపెట్టి, ఊళ్లో ఉన్న చుట్టాల మీదుగా, పంజగుట్టలో ఉండే మా ఆడపడుచు దాకా వచ్చేసరికి ఆమెకి కోపం వచ్చింది. ఆడపడుచు అత్తగారికి బుద్ధి చెప్పమని దేవుణ్ణి అడుగుతూ తల అటూ ఇటూ ఊపింది. తలగుడ్డ జారి ముక్కుమీద పడింది. గుడ్డ కిందనుంచి కూడా ప్రార్థన ఆగలేదు. పాప పాకుతూ వచ్చి ఆ గుడ్డ కొస లాగింది.

మూడు రోజులు ఇలా గడిచాక నేను అత్తయ్యని వదిలి ఇత్తడి కడవని పట్టుకున్నాను. కడవ ఎవరిమీదా ఫిర్యాదు చేయదు. స్టూలు మీద దాన్ని బోర్లించి, మల్లుగుడ్డని చిక్కటి గంజిలో ముంచి, కడవకి కప్పి, కార్డులో ఉన్నట్టే ముడతలు పెట్టి, పధ్నాలుగు పిన్నులతో నిలబెట్టాను. మే నెల ఎండలో అది పూటలో అప్పడంలా ఎండింది. వేలితో కొడితే టకటకలాడింది. ఇక ఎన్ని వారాలైనా ఒక్క ముడత కూడా కదలదు. ఇంత తెలివి నాకు ఎక్కడినుంచి వచ్చిందా అని చాలాసేపు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆ రోజునుంచీ పొద్దునా సాయంత్రం పిన్నులు లెక్కపెట్టేదాన్ని. పధ్నాలుగూ ఉంటే పాప కడుపులో ఒక్కటీ లేనట్టు.

మూడు వారాలు ఆ ముడతల్ని చూసి వేశాను. ఎడమవైపంతా అయింది. కుడివైపు మొదలుపెట్టాలి.

ఇక్కడ మా చాకలామె గురించి చెప్పాలి. అమీర్‌పేటలో చాకలివాళ్లకు కొదవ లేదు. కానీ మేము చర్చికి పోయేవాళ్లమనీ, చర్చికి పోకముందు మా తాతలు ఎవరనీ అందరికీ తెలుసు. అందుకని మా మూట ముట్టడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఈమె ఒప్పుకుంది. వాళ్లవాళ్లు అడ్డం పడితే, "బట్ట బట్టనే, దానికి కులమేంది" అని గాడిదమీద మా మూట వేసుకుని పంజగుట్ట వాగుకి పోయిందట. ఆమె ఉతికిన చీర కట్టుకుంటే, ఎక్కడ కొన్నావని అడిగేవాళ్లు. ఆమెతో గొడవపడే స్తోమత మా ఇంట్లో ఎవరికీ లేదు. మా ఆయనకి ఆఫీసులో దొరంటే ఎంత భయమో, ఇంట్లో ఈమె అంటే అంత భయం.

ఆమె వచ్చే రోజు నేను లోపల పాపకి గంజన్నం పెడుతున్నాను. పాప ఒక ముద్ద తిని రెండు ముద్దలు ఊసేది. నేను ఊసినవన్నీ లెక్కవేసి, మిగిలినదానితో పిల్ల బతుకుతుందా అని ఆలోచిస్తున్నాను. వరండాలో గాడిద గంట వినిపించింది, వెళ్లిపోయింది. బయటికి వచ్చి చూస్తే కడవ ఇత్తడిగా మెరుస్తోంది. దానిమీద ఏమీ లేదు.

"అత్తయ్యా! గుడ్డేది?"

"సాకలామె కొంచవోయింది."

"మీరు చూస్తూ ఊరుకున్నారా?"

"గంజి కరాబైన గుడ్డను సాకలామె కొంచవోతే నేనెందుకు ఆపుతా?"

మూడో రోజున తెచ్చింది. ఆ గుడ్డని రెండు చేతులమీదా పరిచి, పసిపిల్లని ఇచ్చినట్టు ఇచ్చింది. ఒక్క ముడత లేదు. మల్లెపువ్వులా ఉంది. నాలుగు మడతలు పెట్టి, మడతమడతనూ ఇస్త్రీపెట్టెతో అదిమింది.

"చిన్నమ్మా, గట్లనేనా గంజి పెట్టేది? ఎండినంక కొయ్యలెక్క అయింది. ఎవ్వలన్న జూస్తే సాకలిదాని పనే అనుకుంటరు. నా పేరు వోతది. మల్ల గట్ల చెయ్యకు. నాకు జెప్పు, నేను జేస్త."

మూడు వారాల పని సగంలో నిలిచిపోయింది. ఆ ముడతలు మళ్లీ అలాగే రావాలంటే ఏసుప్రభువే దిగిరావాలి. శనివారానికి పదకొండు రోజులే ఉన్నాయి. పాడుచేశావని అనడానికి కూడా లేదు. ఆమె పాడుచేయలేదు, నా తప్పు దిద్దింది.

"పిన్నులు సుత తెచ్చిన" అని అగ్గిపెట్టె చేతిలో పెట్టింది. అలవాటుగా లెక్కపెట్టాను. పదమూడు.

మళ్లీ లెక్కపెట్టాను. పదమూడు.

తలగుడ్డ, బడి, దొరసాని అన్నీ ఎగిరిపోయాయి. పాపని తలకిందులు చేశాను. నోట్లో వేలు పెట్టాను. అది సంతోషంగా కరిచింది. "అరటిపండు పెట్టు, పిన్ను దాన్ల చుట్టుకుని బయటికొస్తది" అంటూ అత్తయ్య పండు కోసం పరిగెత్తింది. పాప ఒకటిన్నర పండు తినేసింది. అంతకుముందు వారమంతా కలిపి కూడా అంత తినలేదు. నేను జట్కా పిలవమని ఏడుస్తున్నాను.

చాకలామె ఇదంతా గుమ్మంలో నిలబడి చూసి, "పిన్నా? ఏం పిన్ను?" అంది. విషయం తెలిశాక పమిట కొంచెం పక్కకి జరిపింది. రవిక గుండీ ఊడినచోట నా పిన్ను మెరుస్తోంది. "గిదా! తొవ్వల గుండీ తెగితే పెట్టుకున్న. ఒక్క పిన్నుకు గింత లొల్లి జేస్తరా, చదువుకున్నోళ్లు?"

నేను నేలమీద కూలబడి ఏడ్చాను. పిన్ను దొరికినందుకు కొంత, తలగుడ్డ పోయినందుకు కొంత. ఏది దేనికో నాకే తెలియలేదు. చాకలామెకి జాలి వేసింది. పక్కన కూర్చుని, ఎందుకమ్మా అంది. ఇక దాచలేక పలకనీ కార్డునీ చూపించి అంతా చెప్పాను. ఈ ముడతలకోసమే గంజిపెట్టానని, అవి లేకపోతే బొమ్మ లేదని, బొమ్మ లేకపోతే ఉద్యోగం లేదని.

ఆమె కార్డు తీసుకుంది. భూతద్దం ఇస్తే వద్దని, వెలుతురుకి అడ్డంగా వంచి పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నా పలక చూసింది. మళ్లీ కార్డు చూసింది.

"చిన్నమ్మా, గీ బట్టకు ముడతలు లేవు."

"ఇవేంటి మరి?" అని గీతలు చూపించాను.

"గవి మడతలు. జూడు, గీత సక్కగ వస్తుంది. నడుమ ఇంకో గీత అడ్డం పోతుంది. గిక్కడ సుత గట్లనే. ఉతికి, ఇస్త్రీ జేసి, ఎనిమిది మడతలు పెట్టి, పెట్టెల బరువు కింద పెట్టిన బట్ట ఇది. గప్పుడే తీసి నెత్తిన ఏసుకున్నది. మడతల గీతలు ఇంక పోలేదు." నా పలకవైపు తిరిగి, పెద్ద మనసుతో మెల్లగా అంది: "నువ్వు గీసింది నలిగిన బట్ట. గామె నలిగిన బట్ట ఏసుకునే మనిషి లెక్క లేదు."

నేను కార్డు లాక్కుని చూశాను. నెలన్నర రోజులుగా నేను నీడలనుకున్నవన్నీ సరళరేఖలు. నుదుటి మీద ఒకటి నిలువుగా, చెవి పక్కన ఒకటి అడ్డంగా, భుజం మీద రెండూ కలిసినచోట చిన్న చదరం. అప్పటిదాకా ఎలా కనపడలేదో తెలియదు. ఒకసారి చూశాక ఇంకేమీ కనపడలేదు.

"ఆ దేశంల సుత మంచి సాకలోళ్లున్నరు" అంది ఆమె, కార్డు వెనక్కి ఇస్తూ.

ఆ సాయంత్రమే ఎడమవైపు పనంతా కత్తితో గీకేశాను. రంగు ఆరి గట్టిపడింది, గీకడానికే ఒక పూట పట్టింది. మా ఆయన వచ్చి చూసి, "ఏం, ఒద్దనుకున్నవా?" అన్నాడు, కొంచెం ఆశగా. "కాదు, మొదలుపెడుతున్నాను" అన్నాను.

మర్నాడు చాకలామె బొగ్గుల ఇస్త్రీపెట్టె మా వరండాకే తెచ్చింది. గుడ్డకి ఎనిమిది మడతలు పెట్టి అదిమి, పూటంతా తిరుగలి రాయి కింద ఉంచింది. తీసి, అత్తయ్య తలమీద రెండు వేళ్లతో వేసింది. గీతలు కార్డులో ఉన్నట్టే దిగాయి. పిన్నులు రెండే.

"పెద్దమ్మా, మెడ కదపకు."

"ప్రార్థన జేసుకుంటనే."

"మనసుల జేసుకో. దేవుడు చెవిటోడు గాడు."

మా అత్తయ్యతో అలా మాట్లాడి బతికినవాళ్లని నేను అంతకుముందు చూడలేదు. అత్తయ్య కదలలేదు. చాకలామె తన పని మానుకుని రోజూ పొద్దున ఒక గంట వచ్చి, కాపలా కూర్చునేది. నేను ఒక గీతని వంకరగా వేస్తే నాలుకతో టక్కుమనేది.

ఆఖరి తెలుపు గురువారం వేశాను. శనివారానికి ఆరలేదు. పలకని మా ఆయన రాతబల్లనుంచి ఊడదీసిన సొరుగులో వెల్లకిలా పడుకోబెట్టి, పైన గాలి ఆడే గుడ్డ కట్టి, జట్కాలో ఒడిలో పెట్టుకున్నాను. పాపని ఇంట్లో వదలడానికి ధైర్యం చాలక అత్తయ్యనీ పాపనీ వెంట తీసుకెళ్లాను. పాప చేతికి పలక అందకుండా అత్తయ్య జట్కా అంచున కూర్చుంది. ఖైరతాబాదు దాటేదాకా, ఆమె పడిపోతుందని ఒక కన్ను, పలక అంటుకుంటుందని ఒక కన్ను.

దొరసాని పలకని కిటికీ దగ్గర పెట్టించారు. కార్డుని పక్కన పెట్టి, కళ్లద్దాలు ఒకటి తీసి ఇంకోటి పెట్టుకున్నారు.

"చేతులు బాగుగా లేవు. రొట్టెపిండివలె నున్నవి."

"అవునండి."

"ఈ ముఖము కార్డులోని స్త్రీది కాదు. ఈమె ఎవరు?"

నేను చూశాను. తొమ్మిది రోజులు అత్తయ్యని ఎదురుగా పెట్టుకుని, ముఖంమీద కూడా అక్కడక్కడా దిద్దాను. ఆ చలిదేశపు పడుచు తలగుడ్డ కింద మా అత్తయ్య నలభై ఏళ్లు చిన్నదై, ఆడపడుచు అత్తగారిని తలుచుకుంటూ కూర్చుంది. నేను తల దించుకున్నాను. ఇక అయిపోయిందనుకున్నాను.

"ఈ గుడ్డమీది గీతలు ఏవి?"

"మడత గీతలండీ. ఇస్త్రీ చేసి పెట్టెలో పెట్టిన గుడ్డ అది. అప్పుడే తీసి వేసుకుంది."

దొరసాని కార్డు చేతిలోకి తీసుకుని కిటికీలోకి వంగారు. "ఇరువది సంవత్సరములు ఈ కార్డు నా బల్లమీద నున్నది. ఈ గీతలు అచ్చువేయువాని తప్పిదములని తలంచితిని. నీవు కనుగొంటివా?"

అవునని చెప్పడానికి నోరు సగం తెరిచిన మాట నిజం. ఆ 'అవును' ఖరీదు ఒక ఉద్యోగం. కానీ బయట వరండాలో మా అత్తయ్య ఉంది. పావుగంటలో బళ్లో ఆయాలందరికీ కథంతా చెప్పేస్తుందని నాకు తెలుసు. "మా చాకలామె చెప్పిందండీ" అన్నాను. కడవ, గంజి, మూడు వారాలు, కత్తి, అన్నీ చెప్పాను. పిన్ను సంగతి దాటేశాను. ఆ భయం గురించి తెలిస్తే ఏ బడీ నన్ను పెట్టుకోదు.

"చాకలి స్త్రీ చెప్పినదానిని విని, మూడు వారముల పనిని గీకివేసితివా?"

"గీకేశానండి. ఆమె చెప్పింది నిజం కాబట్టి."

దొరసాని కళ్లద్దాలు తీసి తుడిచారు. "ఈ బడిలో పదిమంది ఉపాధ్యాయినులున్నారు. తాము చేసినది తప్పని గీకివేయువారు ఒక్కరును లేరు. సోమవారము తొమ్మిది గంటలకు రమ్ము." నేను గుమ్మం దాటుతుంటే వెనకనుంచి, "చేతులను అభ్యాసము చేయుము" అన్నారు.

జట్కా ఎక్కాక అత్తయ్య అడిగింది. "ఏమన్నది దొరసాని?"

"సోమవారం రమ్మన్నారు."

"గైతే ఏడుస్తవెందుకు?"

ఎందుకంటే సోమవారం తొమ్మిదికి పాప అమీర్‌పేటలో ఉంటుంది, నేను ఇక్కడ ఉంటాను. పాలు రెండుసార్లు కాచాలని, బావి దగ్గరికి పోనివ్వకూడదని, తుమ్మితే చెవులకి గుడ్డ కట్టాలని చెప్పడం మొదలుపెట్టాను.

"బిడ్డా, పదకొండుమందిని కన్న. ఏడుగుర్ని పెంచి పెద్దజేసిన. నాకు జెప్తవా?"

మిగతా నలుగురి లెక్క నాకు వెంటనే తట్టింది. నా ముఖం చూసి ఆమెకీ తట్టింది. తర్వాత ఆమె పాపని ఈ మోకాలిమీంచి ఆ మోకాలిమీదికి మార్చుకుంది.

"సోమారం దాక ఇంక రెండు దినాలున్నయి. గప్పటిదాక ఎంత భయపడ్తవో భయపడు. తొమ్మిదింటికి బంద్ జెయ్."

సరేనన్నాను. తొమ్మిదింటికి బంద్ కాలేదు. తొమ్మిదిన్నరకి ఇంటికి పరిగెత్తాలనిపించి, గుమ్మందాకా వచ్చి ఆగాను. పదింటికి ఒక పిల్ల తను గీసిన గొడుగు తెచ్చింది. గొడుగుకి పిడి పైన ఉంది. అలాగైతే వాన లోపల పడుతుందని నేనంటే, వాళ్ల నాన్న గొడుగు అలాగే ఉంటుందని ఆ పిల్ల ఒట్టు వేసింది. ఇద్దరం వాదించుకుని, దాని చేత నిజం గొడుగు తెప్పించి, తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూశాం. అంతా అయ్యాక తలెత్తి గోడగడియారం చూశాను. పదీ ఇరవై. ఇరవై నిమిషాలపాటు పాప నాకు గుర్తు రాలేదు.